ఇసుర్రాయి గరుకుదనం ఫొటోలోకి ఎక్కించే పని: మూడు నెలల డైరీ

నవంబర్ 23

పరకాల దగ్గర మా ఊర్లో, నానమ్మ ఇంటి వెనక వసారాలో ఒక ఇసుర్రాయి ఉంది. కందిపప్పు, పెసరపప్పు, గట్కకు జొన్నరవ్వ అన్నీ ఒకప్పుడు దాంట్లోనే. పదేళ్ళ నుంచి ఎవ్వరూ తిప్పట్లేదు, కానీ పై రాయి లేపి లోపలి ముఖం మీద అరచెయ్యి పెడితే ఇప్పటికీ చురుక్కుమని గీరుకుంటది. దసరాకు పోయినప్పుడు దాన్ని ఫొటో తీసిన. తిరిగి హనుమకొండ వచ్చి కంప్యూటర్‌లో చూస్తే సిమెంటు రేకు ముక్కలాగ ఉంది, బూడిద రంగు, చదును, అంతే. చేతికి తగిలిందేదీ ఫొటోలోకి రాలేదు. ఆ రోజు నుంచి మనసులో అదే తిరుగుతోంది.

అందుకే ఈ పని మొదలుపెట్టిన. మూడు నెలలు, దాదాపు ప్రతి ఆదివారం, గరుకువి నునుపువి ఏవైనా ఉపరితలాలు మాత్రమే తీయాలి, మనుషులు లేరు, సూర్యాస్తమయాలు లేవు. చేతిలో ఉన్నవి కేనన్ 1500డి కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, ఒక మామూలు ట్రైపాడ్, కరెంటు పోతే వాడే ఎల్‌ఈడీ టార్చి. ఈ మూడు నెలలు కొత్త లెన్సు కొనేది లేదని అనుకున్న, ఎందుకంటే తప్పు లెన్సులో లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

దసరా ఫొటో మళ్ళీ తెరిచి చూసిన. కెమెరా మీది ఫ్లాష్ వేసి తీసిన. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటది కాబట్టి వెలుగు పోయే దారి, నేను చూసే దారి ఒకటే అయిపోయినయ్. రాయి మీద ప్రతి గుంటకు నీడ పడుతుంది కానీ ఆ నీడ గుంట అంచు వెనకాల దాక్కుంటది, నాకు కనబడదు. గరుకుదనం అని కంటికి అనిపించేదంతా ఆ చిన్న చిన్న నీడలే కదా. వాటిని నేనే తుడిచేసిన.

నవంబర్ 30

ఊరికి పోయిన. నేనూ మా తమ్ముడూ కలిసి పై రాయిని దొర్లించి, లోపలి ముఖం మాకు కనబడేటట్టు గోడకు ఆనించినం. 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంది, బరువు మాత్రం ఇద్దరికి సరిపోయింది. చీకటి పడ్డాక వసారాలో లైటు తీసేసి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, టార్చిని రాయి ఎడమ పక్క నుంచి ముఖాన్ని రాసుకుంటూ పోయేటట్టు పట్టుకున్న.

ఆ క్షణం ఇంకా కళ్ళ ముందు ఉంది. టార్చి ఎదురుగా ఉన్నప్పుడు ఏమీ లేని రాయి, టార్చి పక్కకు జరుగుతున్న కొద్దీ మెల్లగ లేచి నిలబడ్డది. ఒక్కో ఉలిపోటు, దాని పక్క ఇంకోటి, మధ్యలో బొక్క చుట్టూ వరుసలు వరుసలుగా. నానమ్మ వచ్చి చూసి "ఏం తీస్తున్నవ్ బిడ్డా, తియ్యనీకి ఏమున్నది రాయిల" అన్నది కానీ అక్కడే పీట వేసుకొని కూర్చున్నది. అప్పట్లో ఊర్ల మీదికి కక్కు కొట్టేవాళ్ళు వచ్చేవాళ్ళట, రాయి అరిగిపోయి పప్పు సరిగ్గా పగలకపోతే ఉలితో మళ్ళీ గుంటలు కొట్టిపోయేవాళ్ళు, కూలికి డబ్బులు కాదు జొన్నలే ఇచ్చేవాళ్ళట.

వెలుగు ఎంత వాలుగా ఉందో ప్రతిసారీ అందాజుగా రాసుకుంటే లాభం లేదని ఒక పద్ధతి పెట్టుకున్న. చపాతి పిండి ముద్దలో గుండుసూది గుచ్చి రాయి మీద అంటిస్తున్న, సూది 2 సెంటీమీటర్లు పైకి ఉండాలి. నీడ కూడా 2 సెంటీమీటర్లు ఉంటే వెలుగు 45 డిగ్రీల్లో ఉన్నట్టు, 8 సెంటీమీటర్లు ఉంటే సుమారు 14 డిగ్రీలు. ఈ రాయికి 14 దగ్గర బాగుంది. ఇంకా కిందికి దించితే నీడలు ఒకదాని మీద ఒకటి పడి సగం రాయి నల్లగా అయిపోతోంది, 30 దాటితే మళ్ళీ చదును.

ఒక ఇబ్బంది వచ్చింది. ఎడమ అంచు తెల్లగా కాలిపోతోంది, కుడి అంచు చీకటి. టార్చి ఎడమ అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, అంటే కుడి అంచుకు 75. దూరం రెండున్నర రెట్లు పెరిగితే వెలుగు ఆరు రెట్లు తగ్గుతది, అదీ లెక్క. టార్చిని రెండు మీటర్లు వెనక్కి తీసుకుపోయి కుర్చీ మీద పెట్టిన, అప్పుడు రెండు అంచులకు తేడా ఒకటిన్నర రెట్లే. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా వెలుగును లోపలికి తీసుకునే సమయం, మాత్రం పావు సెకండు నుంచి పది సెకన్లకు పోయింది, పోనీ, రాయి ఏమన్నా కదులుతదా.

డిసెంబర్ 7

ఇయ్యాల ఒక వింత. పోయిన వారం తీసిన వాటిలో ఒక ఫొటోలో గుంటలన్నీ బొడిపెల్లాగ కనబడుతున్నయ్. రాయి అదే, గుంటలు అవే, కానీ ఆ ఒక్క ఫొటోలో రాయి నిండా చెమటకాయలు పేలినట్టు ఉంది. ఎంత కళ్ళు చికిలించుకొని చూసినా గుంటలుగా మారట్లేదు.

చాలాసేపు తర్వాత అర్థమైంది. ఆ ఫొటోకి టార్చి కింద నేల మీద పెట్టిన. మన మెదడుకు వెలుగు పైనుంచే వస్తదని పుట్టినప్పటి నుంచి అలవాటు, ఎండ పైనుంచి, దీపం పైనుంచి. గుంటకు వెలుగు కింద నుంచి పడితే పై అంచు మెరుస్తది, కింది అంచు నీడ, అది అచ్చం పై నుంచి వెలుగు పడ్డ బొడిపె లాగే ఉంటది. ఫొటోను 180 డిగ్రీలు తిప్పిన, ఒక్కసారిగా అన్నీ గుంటలైపోయినయ్. చంద్రుడి మీది బిలాల ఫొటోలను తలకిందులు చేస్తే గుట్టల్లాగ కనబడేది కూడా ఇందుకే. శాసనాలు తీసేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం, చెక్కిన అక్షరం ఉబ్బెత్తుగా కనబడితే చదివేవాళ్ళు తికమక పడతరు. ఇక నుంచి టార్చి ఎప్పుడూ పైన ఎడమ పక్కనే.

డిసెంబర్ 14

షార్ప్‌నెస్ రోజు. రాయి అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/22 (లెన్సు లోపలి బొక్క ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె, అంకె పెద్దదైతే బొక్క చిన్నది) పెట్టి తీసుకుంటూ వచ్చిన, అంకె పెద్దదైతే ఫోకస్ లోతు పెరుగుతదని ఎక్కడో విని. ఇయ్యాల కెమెరా కదలకుండా ఎఫ్/5.6, 8, 11, 16, 22 అన్నీ వరుసగా తీసి, ఒకే ఉలిపోటు దగ్గర వంద శాతం జూమ్ చేసి పక్కపక్కన పెట్టి చూసిన. ఎఫ్/8 లో గుంట అంచున ఉన్న ఇసుక గింజంత పలుకు కూడా విడిగా కనబడుతోంది. ఎఫ్/22 లో అదే పలుకు మీద పల్చటి మైనం పూసినట్టుంది. లెన్సు బొక్క మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదిరిపోతది, నా కెమెరాలో వెలుగును పట్టే పలక, సెన్సార్, ఈ సైజుకు ఎఫ్/11 దాటితే ఆ దెబ్బ కనబడుతూనే ఉంది. రెండు వారాల ఫొటోలు మళ్ళీ తీయాలి.

మరి ఎఫ్/8 లో అంచులు మసకబారకుండా ఉండాలంటే కెమెరా ముఖం, రాయి ముఖం సమాంతరంగా ఉండాలి. దీనికి చిన్న అద్దం చాలు. నానమ్మ పౌడర్ డబ్బాలో అద్దాన్ని రాయి మధ్యలో ఆనించి పెట్టిన, కెమెరా తెరలో చూస్తే అద్దంలో నా లెన్సే కనబడాలి, అదీ ఫ్రేమ్‌కు సరిగ్గా నట్టనడుమ. లెన్సు బొమ్మ పైకి కనబడిందంటే కెమెరా వంగి ఉన్నట్టు. పది నిమిషాలు పట్టింది కుదిరేసరికి, కానీ ఆ తర్వాత నాలుగు మూలలూ ఒక్కలాగ వచ్చినయ్. నొక్కినంక రెండు సెకన్లు ఆగి తీసే టైమర్, తెరలో చూస్తూ తీసే లైవ్ వ్యూ, వెలుగు పట్టే చురుకు చెప్పే ఐఎస్ఓ 100, కెమెరా మార్పులు చెయ్యని రా ఫైల్, ఇవి ఇక మార్చేది లేదు.

డిసెంబర్ 21

జ్వరం. మంచం మీద నుంచే కిటికీ బయట వేప బెరడు ఫోన్‌తో తీసిన. పొద్దున ఏడున్నరకు బాగుంది, తొమ్మిదికి పోయింది. ఇంకేం చెయ్యలేదు.

డిసెంబర్ 28

వెయ్యి స్తంభాల గుడికి పోయిన. ఇంటి నుంచి పది నిమిషాలే, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పోయి ఉంటనో. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఇయ్యాల మాత్రం నంది ఒంటి నునుపు ఒక్కదాని కోసమే పోయిన. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు కాబట్టి చేతితోనే, ఐఎస్ఓ 800, 1/125 సెకండు.

మూడు తప్పులు చేసిన, మూడూ అక్కడే సరిదిద్దుకున్న. మొదటిది ఎక్స్‌పోజర్. నల్ల రాయిని కెమెరాకు వదిలేస్తే బూడిద రంగు చేసేస్తది, ఏది చూపించినా మధ్యరకం బూడిద అనుకొని లెక్క వేసుకుంటది కాబట్టి. వెలుగును సగానికి తగ్గించే మైనస్ 1 పెడితే నలుపు నలుపుగా వచ్చింది. రెండోది వాలు వెలుగు. ఇసుర్రాయి మీద నేర్చుకున్నదంతా ఇక్కడ పనికి రాలేదు. నంది ఒళ్ళు అద్దంలాగ నునుపు, నీడలు పడనీకి గుంటలే లేవు. అరగంట చుట్టూ తిరిగినంక తెలిసింది, నిగనిగలాడే రాయి ఆకారం నీడల్లో కనబడదు, అది తన మీద మోసే ప్రతిబింబంలో కనబడుతది. నేను మోకాళ్ళ మీద కూర్చుంటే మండపం అంచుకు అవతల ఉన్న ఆకాశం తెల్లటి పట్టీలాగ నంది మెడ మీద పడింది, ఆ పట్టీ మెడలో గంటల దగ్గరికి రాంగనే వంకర తిరిగి, ఒక్కో గంట గుండ్రదనం చుట్టూ వంగి పోయింది. కాకతీయుల శిల్పులు ఆ రాయిని ఎంత ఓపికగా నూరి ఉంటరో ఆ వంపులో తెలుస్తోంది, పట్టీ అంచు ఎక్కడా వణకలేదు, ఎక్కడా తెగలేదు.

మూడోది ఫిల్టర్. కొత్తగా తెచ్చిన పోలరైజర్, అంటే తిప్పితే మెరుపును ఆపే ఫిల్టర్, లెన్సు మీద పెట్టి తిప్పి మెరుపు మొత్తం తీసేసిన, కెమెరా తెరలో నంది బొగ్గు ముద్దలాగ చచ్చిపోయింది. మెరుపే ఆ రాయి ప్రాణం. సగానికి తిప్పి ఆపిన, మండపం అవతలి నుంచి వచ్చే అనవసరపు తెలుపు తగ్గింది, పట్టీ మిగిలింది. ఈ ఒక్క ఫొటోను పెద్దగా ప్రింటు వేయించాలి.

జనవరి 15

సంక్రాంతికి అందరం ఊర్లో. అమ్మ గద్వాల చీర కట్టుకొని, సాయంత్రం మడత పెడుతుంటే అడిగి తీసుకున్న. గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, జరీ. అంటే ఒకే బట్టలో వెలుగును మింగేది ఒకటి, వెనక్కి విసిరేది ఒకటి. ఇసుర్రాయీ నందీ పక్కపక్కన కూర్చున్నట్టు.

కిటికీ పక్కన మంచం మీద పరిచిన. నూలు వైపుకు వాలు వెలుగు కావాలి, కిటికీ వెలుగు పక్క నుంచి పడితే పేక పడుగు మీది నుంచి ఎక్కి దిగేది ఒక్కో పోగూ కనబడింది, చేనేత కదా, అక్కడక్కడ పోగు కొంచెం లావు కొంచెం సన్నం, మిల్లు బట్టలో అది ఉండదు. అదే వెలుగు పట్టు అంచు మీద పడితే గీతలు గీతలుగా తెల్లగా కాలిపోయింది. కిటికీకి తెల్ల దుప్పటి కట్టిన. ఇప్పుడు వెలుగు చిన్న బొక్కలోంచి కాదు, దుప్పటంత వెడల్పు నుంచి వస్తోంది కాబట్టి పట్టు మెరుపు మెత్తగా పరుచుకుంది, కానీ నూలు పోగుల నీడలు సగం పోయినయ్. చాలాసేపు ఇటూ అటూ జరిపి, దుప్పటిని సగం కిటికీకే కట్టి, అంచు దుప్పటి వైపు, నూలు ఖాళీ వైపు వచ్చేటట్టు చీరను తిప్పి పెట్టిన. కుదిరింది. జరీ మెరుపు మీద పోలరైజర్ ఏమీ చేయలేకపోయింది, లోహం మీంచి వచ్చే మెరుపును అది పెద్దగా ఆపలేదు.

ఒక ఫొటోలో నూలు మీద నీళ్ళ అలల్లాంటి రంగు గీతలు వచ్చినయ్, చీరలో లేనివి. పోగుల వరుస, సెన్సార్ గళ్ళ వరుస ఒకదాని మీద ఒకటి పడితే వచ్చే దయ్యపు గీతలు అవి. కెమెరాను నాలుగు వేళ్ళంత ముందుకు జరిపితే మాయమైనయ్. అమ్మ చీర భద్రంగా వెనక్కి ఇచ్చేసిన.

జనవరి 25

ఫొటోలు తీసేవాళ్ళందరూ మధ్యాహ్నం ఎండలో తియ్యొద్దంటరు. నేలకు అది నిజమే కావచ్చు, కానీ గోడకు కాదని ఇయ్యాల తేలిపోయింది.

మా పాత ఇంటి తూర్పు గోడ గచ్చు గోడ, ఏటేటా సున్నం వేసి వేసి పొరలు పొరలుగా మందం అయ్యింది, ఇప్పుడు పెచ్చులు లేస్తున్నయ్. పొద్దున ఎండ ఎదురుగా కొడుతది, ఉత్త తెల్ల గోడ. సూర్యుడు నడినెత్తికి వచ్చే కొద్దీ ఎండ గోడకు ఎదురు నుంచి జరిగి జరిగి గోడ వెంబడే జారడం మొదలుపెడుతది, ఆ తర్వాత గోడ నీడలోకి పోతది. జనవరి చివర్లో మా దగ్గర అసలైన మధ్యాహ్నం పన్నెండు కాదు, దాదాపు పన్నెండుంపావు దాటి పది నిమిషాలకు. గుండుసూది పెట్టి చూసుకుంటూ కూర్చున్న. పదకొండున్నరకు 13 డిగ్రీలు, పన్నెండుకు 6, పన్నెండుంపావుకు నీడలు గోడంతా పాకినయ్.

పన్నెండుకు పది నిమిషాల ముందు తీసింది అన్నింట్లో మంచిది. ఒక పెచ్చు అంచున లెక్కపెడితే పదకొండు పొరలు, పై పొరలు మంచు తెలుపు, మధ్యలో రెండు లేత నీలం. సున్నంలో నీలిమందు కలిపి వేసిన ఏళ్ళవి అయ్యుంటయ్. తెల్ల గోడ కాబట్టి నల్ల నందికి ఉల్టాగా ప్లస్ 1 పెట్టాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 1

తమ్ముడు హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ కోర్సు చేస్తున్నడు. వాడి ప్రాజెక్టుకు పల్లెటూరి ఇల్లు తయారు చేస్తున్నడట, రాయి, గోడ ఫొటోలు అడిగిండు. రెండు నెలల పైన కష్టం, గర్వంగ పంపిన. రాత్రి ఫోన్.

"అక్కా, ఫొటోలు మస్తున్నయ్, కానీ నాకు పనికిరావు."

"ఎందుకురా?"

"నీడలన్నీ ఫొటోలోనే అతుక్కుపోయి ఉన్నయ్. గేమ్‌ల నేను దీపం కుడి పక్క పెడితే నీ రాయి మీద నీడలు ఇంకా ఎడమ నుంచే పడుతున్నట్టు ఉంటయ్. నాకు ఉత్త రంగు గావాలె, నీడ నేను వేసుకుంట."

మనసు చివుక్కుమంది, కానీ వాడు చెప్పింది నిజం. నేను ఇన్నాళ్ళూ తీసింది రాయి ఆకారాన్ని. రాయి రంగును ఒక్కసారి కూడా తీయలేదు. రెండూ ఒకే వెలుగులో రావు.

కాబట్టి ఇప్పుడు మొత్తం తలకిందులు. నీడ ఒక్కటి కూడా ఉండొద్దు, మెరుపు ఉండొద్దు. రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, రాయికి రెండు పక్కల 45 డిగ్రీల్లో, వాటి ముందు పోలరైజింగ్ షీట్లు ఒకే దిక్కుకు, లెన్సు మీద పోలరైజర్ అడ్డంగా తిప్పి. మెరుపుగా తిరిగొచ్చే వెలుగు షీటు ఇచ్చిన దిక్కులోనే ఊగుతూ వస్తది కాబట్టి లెన్సు దగ్గర ఆగిపోతది, రాయి లోపలికి దిగి చెదిరి వచ్చేదే మిగులుతది. వెలుగు చాలా పోయింది, ఎక్స్‌పోజర్ 1/15 సెకండు నుంచి అర సెకండుకు పోయింది.

ఫిల్టర్ తిప్పుతుంటే తెరలో చూసిన. అభ్రకం తళుకులు ఒక్కొక్కటే ఆరిపోయినయ్, ఆ తళుకుల కింద దాక్కున్న రంగులు బయటికొచ్చినయ్. బూడిద రంగు అనుకున్న రాయిలో లేత గులాబీ పలుకులు, పొగ రంగు పలుకులు, మధ్యమధ్యలో మసి చుక్కలు. దక్కన్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళదంటరు, మా ఇంటి పప్పు పగిలింది ఆ పలుకుల మీద. గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద అట్ట) పెట్టి, తెలుపు తెలుపుగా వచ్చేటట్టు వైట్ బ్యాలెన్స్ సరిచేసి పంపిన. వాడు దాన్ని జింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ చేసి, అంటే అంచులను మధ్యలోకి జరిపి, అతుకులు కనబడకుండా కలిపిండు, ఈసారి ఫోన్‌లో గొంతు వేరే ఉంది.

ఫిబ్రవరి 15

రంగు వచ్చింది, మరి ఆకారం ఎట్ల ఇయ్యాలి వాడికి. ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే ఫొటో పద్ధతి ఉంది, హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ వాళ్ళు 2001లో బయటపెట్టిన లెక్క దీనికి పునాది. కెమెరా కదలదు, వస్తువు కదలదు, వెలుగు మాత్రం చుట్టూ తిరుగుతది. ఒక్కో దిక్కు నుంచి ఒక్కో ఫొటో, అన్నీ కలిపితే కంప్యూటర్ ప్రతి చుక్క ఏ వైపుకు వాలి ఉందో లెక్కకడుతది, తర్వాత మనం తెర మీదే వెలుగును తిప్పుకోవచ్చు. పాత శాసనాలు, నాణేలు చదవడానికి వాడతరు.

తమ్ముడు వచ్చిండు. రెండు మీటర్ల నూలుతాడు, ఒక కొస టార్చికి కట్టినం, ఇంకో కొసను రాయి మధ్యకు ఆనించి దూరం కొలిచి, ఫొటో తీసేముందు తాడు వదిలేయాలి. రాయి పక్కన మెరిసే పెద్ద నల్ల గోళీ, దాని మీద పడ్డ మెరుపు చుక్కను బట్టి వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ తెలుసుకుంటది. మూడు ఎత్తులు, ఒక్కో ఎత్తులో ఎనిమిది చోట్లు, 24 ఫొటోలు. కింది వైపు వెలుగు పట్టాలంటే నేల అడ్డం వస్తోంది, అందుకని రాయిని గోడ పక్కనే అరుగు మీదికి ఎక్కించినం, నానమ్మ తిడుతనే ఉన్నది నడుములు పోతయ్ అని. కెమెరాను ముట్టకుండా ఫోన్ నుంచే నొక్కిన. పన్నెండో ఫొటో దగ్గర తమ్ముడి కాలు ట్రైపాడ్‌కు తగిలింది, మళ్ళీ మొదటి నుంచి.

రాత్రి పదకొండుకు ల్యాప్‌టాప్‌లో తయారైంది. మౌస్ జరిపితే వెలుగు జరుగుతోంది. నానమ్మను పిలిచి చూపించిన, వేలుతో ఎట్ల జరపాలో చెప్పిన. వెలుగును కుడి పక్కకు బాగా కిందికి దించినప్పుడు, ఇన్ని వారాల్లో నేను ఒక్కసారీ చూడనిది కనబడ్డది. పదునైన ఉలిపోట్ల కింద ఇంకో వరుస, వెడల్పుగా, లోతు తక్కువగా, అంచులు అరిగిపోయి, దిక్కు కూడా వేరే. మధ్యలో బొక్క దగ్గర రెండూ స్పష్టంగా ఉన్నయ్, బయటి అంచుకు పోయేకొద్దీ పాతవి మాసిపోయినయ్.

నానమ్మ చాలాసేపు చూసింది. "గియ్యి మీ బాబాయి పెండ్లికి కొట్టిచ్చినయ్" అన్నది పదునైనవాటి మీద వేలు పెట్టి. కిందివి చూపిస్తే, "అయ్యి మా అత్త కాలంవి. నేనచ్చేసరికే అరిగున్నయ్."

కింది రాయి ఇంకా మిగిలింది. అది మట్టిగద్దెలో పాతి ఉంది, పైకి తీయలేం, పైనుంచి కిందికి చూస్తూ తీయాలి, నా ట్రైపాడ్ అట్ల వంగదు. వసారా దూలానికి కెమెరా వేలాడదీసే ఏర్పాటు వడ్రంగిని అడుగుతనని తమ్ముడు అన్నడు. వచ్చే ఆదివారం పోవాలి.